మెస్యూగారి చన్నీళ్ళు

మా ఇంటాయన ఒంటి మీద నూలుపోగు లేకుండా మంచులో చతికిలబడి ఉండగా నేను నైన్ వన్ వన్‌కి ఫోన్ చేశాను. ఇంటాయన అంటే నా మొగుడు కాదు, గది అద్దెకిచ్చిన పెద్దాయన. ఈ ముక్క ముందే చెప్పకపోతే మా చుట్టాల్లో నా కొంప మునుగుతుంది.

రెండువేల తొమ్మిది నవంబరు చివర, అమెరికాలో షామ్‌బర్గ్‌లో. ఆ ఏడు మంచు తొందరగా పడింది. ఆఫీస్‌కి బయల్దేరుతూ మేడమెట్ల పక్క కిటికీలోంచి పెరట్లోకి చూశాను. రోజూ ఆ వేళకి ఆయన పెరటి తలుపు తీసుకుని మంచులో కాసేపు నిలబడతాడని నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ కిటికీ వైపు తల తిప్పను. ఆ రోజు ఎందుకు తిప్పానో దేవుడికే తెలియాలి. నిలబడి ఉండాల్సిన మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి గుండె మీద, రెండో చెయ్యి మంచులో.

నా మంచం మీది రగ్గు లాక్కుని, కాళ్ళకి ఏమీ లేకుండా పరిగెత్తాను. కప్పబోతే తోసేశాడు.

"వద్దు, బరువుగా ఉంది" అన్నాడు.

"నోర్మూసుకుని కప్పుకోండి!" అని తెలుగులో అరిచాను. నాకు కోపం వచ్చినా, భయం వేసినా ఇంగ్లీషు రాదు. ఆయనకి ఏం అర్థమైందో గానీ మారుమాట్లాడకుండా కప్పించుకున్నాడు. అంబులెన్స్ వచ్చేలోపు ఆయన భార్య తడి జుట్టుతో బాత్రూంలోంచి వచ్చింది. మన ఆడవాళ్ళయితే ఊరు లేచేలా ఏడుస్తారు. ఆవిడ ఒక్క కేక కూడా వెయ్యలేదు. మంచులో ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చెవిలో ఫ్రెంచిలో ఏదో చెప్తూనే ఉంది.

గుండెకి స్టెంట్ వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. బరువులెత్తకూడదు, కొన్నాళ్ళు కారు నడపకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, చన్నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగలకూడదు. తగిలితే ఈ గుండె ఆగిపోవచ్చు. ఆయన తలూపుతూ విన్నాడు. ఆవిడ ఆయన తలూపడాన్ని చూస్తూ ఉంది. కార్‌లోకి ఎక్కాక అడిగింది.

"జనవరి ఒకటి సంగతేమిటి?"

ఆయన సీట్ బెల్ట్ పెట్టుకుంటూ, "దానికింకా నెల ఉంది" అన్నాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరికీ ప్రశాంతత లేదు.

అసలు నేను ఆ ఇంట్లో ఎలా పడ్డానో చెప్పాలి. మా ఆయనకి అల్ఫారెట్టాలో ప్రాజెక్టు, నాకు షామ్‌బర్గ్‌లో. ఇద్దరం రెండు చోట్ల కాపురం. ముందున్న అపార్ట్‌మెంట్‌లో రూమ్మేట్స్‌తో నాకు పడలేదు. నాకు ముక్కు మీద కోపం, వాళ్ళకి సింకులో గిన్నెలు వదిలే అలవాటు. లైబ్రరీ గోడ మీద ఒక కాగితం చూశాను. మేడ మీద గది అద్దెకి, మాంసం తినని మనిషయితే మంచిది అని ఉంది. ఎగిరి గంతేసి వెళ్ళాను. తలుపు తీసినాయన సూటు వేసుకుని ఉన్నాడు. భార్యాభర్తలిద్దరూ ఫ్రాన్సులో ప్రోవాన్స్ ప్రాంతం వాళ్ళు, పెళ్ళయిన కొత్తలో అమెరికా వచ్చారు, పిల్లల్లేరు. ఆయన యంత్రాలు డిజైన్ చేసే ఇంజనీరుగా రిటైరయ్యాడు, ఆవిడ స్కూల్లో ఫ్రెంచి చెప్పేది. టీ ఇచ్చి, చాలా మర్యాదగా, ఇంటి వెనక భాగంలో తను బట్టల్లేకుండా ఉంటానని చెప్పాడు. అది తన సిద్ధాంతమట. నేను అటు వచ్చేముందు వంటింటి తలుపు దగ్గరున్న ఇత్తడి గంట కొట్టాలి, ఆయన గౌను తొడుక్కుంటాడు. ఏ కుర్చీలో కూర్చున్నా తన తువ్వాలు పరుచుకునే కూర్చుంటాడు కాబట్టి శుభ్రం గురించి దిగులు అక్కర్లేదు. పారిపోదామనుకున్నాను. కానీ ఆవిడ పక్కనే గళ్ళ ఫ్రాకులో కూర్చుని, నా మొహం చూసి నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది. ఆ నవ్వు నాకు నచ్చింది.

మా ఆయనకి ఫోన్‌లో చెప్పాను. ఆయనది కరీంనగర్.

"ఏందీ? బట్టలిప్పుకొని తిరిగే ముసలాయనింట్ల ఉంటవా? దిమాక్ ఉన్నదా నీకు?"

"గంట ఉందిగా!"

"గంట గుడిల ఉంటది. రేపు మా అమ్మ అడిగితే ఏం చెప్పాల్నే?"

"శాకాహారులని చెప్పండి" అని పెట్టేశాను.

వాళ్ళని నేను ఫ్రెంచి మర్యాద ప్రకారం మెస్యూ, మదాం అని పిలిచేదాన్ని. నేను మెస్యూగారూ అంటే ఆ 'గారు' ఏమిటని అడిగి తెలుసుకుని, అప్పట్నుంచి ఆయన ఆవిణ్ణి మదాంగారూ అని ఆటపట్టించేవాడు. ఆవిడ నన్ను చిట్టితల్లీ అన్నట్టు 'మా పెతీత్' అనేది.

ఆయన సిద్ధాంతం పేరు నేచురిజం. అంటే బట్టలిప్పడమే అనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన లెక్క వేరు. ఆయన తాతల కాలంలో ఫ్రాన్సులో క్షయ మనుషుల్ని ఊడ్చుకుపోతుంటే, కొంతమంది డాక్టర్లు సీసాల్లో మందులకన్నా ఎండ, గాలి, నీళ్ళు, పచ్చికూరలు మేలని చెప్పారట. మాంసం వద్దు, సారా వద్దు, పొగ వద్దు, ఒంటికి ఎండా చలీ తెలియనివ్వాలి అన్నారట. ఆయన తండ్రి వాళ్ళని నమ్మాడు, తండ్రిని చూసి ఈయన నమ్మాడు. అన్నీ వదిలాక చివర్లో బట్ట వదలాలి, బట్టతో మొదలుపెట్టేవాడు నేచురిస్టు కాదు, ఉత్త తుంటరి అనేవాడు.

"బట్ట ఉన్నచోట అబద్ధం ఉంటుంది" అన్నాడొకసారి, గౌను బొందు ముడేసుకుంటూ. "ఎవడు ఆఫీసరు, ఎవడు కూలీ అన్నది బట్ట చెప్తుంది. మా క్లబ్బు చెరువు గట్టు మీద ఎవరెవరో తెలీదు."

"మా ఊళ్ళో చొక్కా విప్పితేనే మెస్యూ, ఎవరెవరో తెలిసేది" అన్నాను. "భుజం మీద జంధ్యం కనపడుతుంది."

ఆయన ముందు నవ్వాడు. తర్వాత టీ చల్లారిపోయేదాకా దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాడు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం. వాదనలో ఓడిపోతే మొహం మాడ్చుకునే మగవాళ్ళనే చూసినదాన్ని నేను.

ఆ చెరువు విస్కాన్సిన్ దారిలో ఉంది. వాళ్ళలాంటి వాళ్ళ క్లబ్బు అది, చుట్టూ అడవి. జనవరి ఒకటి పొద్దున గడ్డకట్టిన చెరువులో గొయ్యి కోసి అందరూ మునుగుతారు. ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డు ఊళ్ళలో కొత్త సంవత్సరానికి ఇలా చన్నీళ్ళలో దిగడం ఉందట, అక్కడ చాలామంది వేషాలు కట్టి దిగుతారు. వీళ్ళు అన్నీ విప్పి దిగుతారు, అంతే తేడా. అమెరికా వచ్చిన మొదటి చలికాలం నుంచీ మెస్యూ ఒక్క ఏడు కూడా తప్పలేదు. మాకు కార్తీకమాసంలో తెల్లారకముందే గోదాట్లో మునిగే ఆచారం ఉందని చెప్తే, "చూశావా, మీ వాళ్ళకీ తెలుసు" అని మదాం వైపు తిరిగాడు. మదాం మొహం పక్కకి తిప్పుకుంది. అనవసరంగా వాగానని నాలిక కరుచుకున్నాను.

ఆవిడ మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఫ్రాకులోనే ఉండేది. ఎందుకని నేను అడగలేదు, ఆయనే ఒకరోజు చెప్పాడు. ఒకప్పుడు ఆవిడా ఆయనతోబాటు ఆ చెరువులో దిగేదట. తర్వాత కాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. అప్పట్నుంచి చెరువు దగ్గరికి వస్తుంది గానీ కార్‌లోనే కూర్చుంటుంది.

"సిగ్గు పట్టుకుంది ఆమెకి" అన్నాడు గొంతు తగ్గించి. "ఒంట్లో సిగ్గుపడాల్సిందేమీ లేదని ఊరందరికీ చెప్పాను. కట్టుకున్నదానికి చెప్పలేకపోయాను. ఆ మాటెత్తడానికే నాకు ధైర్యం చాల్లేదు."

నాకు ఆవిడ మీద జాలేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడతో కాస్త మెత్తగా మాట్లాడాను. ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు.

డిసెంబరు మొదటి వారంలో మదాం సాసర్లలో తడిదూది పరిచి గోధుమలు చల్లింది. క్రిస్మస్ నాటికి అవి నిటారుగా, పచ్చగా ఎదిగితే వచ్చే ఏడు ఇల్లు బాగుంటుందని ప్రోవాన్స్‌లో నమ్మకం. మా పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించారని చెప్పాను. అప్పట్నుంచి రోజూ పొద్దున ఇద్దరం కలిసి ఆ సాసర్లకి నీళ్ళు చిలకరించేవాళ్ళం. నేను మామూలుగానే చూసేదాన్ని. ఆవిడ మాత్రం డాక్టరు రిపోర్టు చదివినట్టు చూసేది. ఒక సాసర్లో మొలకలు ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఆవిడ పెదవి కొరుక్కుని, ఎర్ర రిబ్బను తెచ్చి వాటికి నడుం కట్టి నిలబెట్టింది. ఆయన అదంతా చూసి, "గోధుమలు కూడా బట్ట కట్టుకున్నాయి" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. చేతిలో ఉన్న కత్తెర టేబుల్ మీద గట్టిగా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నెలంతా వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. కేకలు లేవు, అదే ప్రాణం తీసేది. ఆయన డాక్టరు చెప్పినట్టు మందులు వేసుకున్నాడు, బరువులెత్తలేదు, మంచులోకి వెళ్ళలేదు. జనవరి ఒకటి మాట వచ్చేసరికి మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. ఆవిడ కారు తాళాలు దాచేసింది. ఆయన వెతకలేదు. వెతకకపోవడం చూసే నాకు ఎక్కువ భయమేసింది.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం వాళ్ళ పెద్ద భోజనానికి నన్నూ కూర్చోమన్నారు. ప్రోవాన్స్‌లో ఆ రాత్రి ఎవరూ మాంసం ముట్టరట, వీళ్ళకెలాగూ అలవాటే. టేబుల్ మీద ఒకదాని మీద ఒకటి మూడు తెల్ల గుడ్డలు పరిచి, మూడు కొవ్వొత్తులు పెట్టి, మొలకల సాసర్లు మధ్యలో ఉంచింది మదాం. గుడ్డ అంచులు కిందకి వేలాడకుండా మూలలు ముడేసింది, దుష్టశక్తులు పాక్కుంటూ ఎక్కకుండా. భోజనమయ్యాక ఎంగిళ్ళు తుడవరు, ఆ ఇంట్లో పోయినవాళ్ళు వచ్చి తింటారట. ఇదంతా వింటుంటే మా తాతయ్య తద్దినం గుర్తొచ్చింది. ఇక తీపి పదమూడు రకాలు. అత్తిపళ్ళు, బాదంపప్పు, ఎండుద్రాక్ష, వాల్‌నట్లు, ఖర్జూరాలు, తెల్ల జీడీ నల్ల జీడీ, ఇంకా ఏవేవో. ఆలివ్ నూనె వేసి చేసిన రొట్టె ఒకటుంది, దాన్ని చేత్తో విరవాలి గానీ కత్తి తగలనివ్వకూడదు. నేను కత్తి తియ్యబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి.

టేబుల్ దగ్గర నాలుగో కుర్చీ ఒకటి ఖాళీగా వేసి, దాని ముందు కంచం పెట్టారు. ఎవరికని అడిగాను. దారి తప్పి వచ్చిన పేదవాడికైనా, పోయినవాళ్ళకైనా అన్నాడు మెస్యూ. మదాం భోజనమంతా ఆ కుర్చీ వైపు చూడలేదు. ఉప్పు అటుపక్కన ఉంటే లేచి చుట్టూ తిరిగి తెచ్చుకుంది.

తర్వాత కట్టె తంతు. పండ్ల చెట్టు కొమ్మని ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళూ అందరికన్నా చిన్నవాళ్ళూ కలిసి పట్టుకుని, టేబుల్ చుట్టూ మూడుసార్లు తిరిగి, పొయ్యిలో వెయ్యాలి. పెద్దవాళ్ళు దీవెన చెప్పాలి. పెద్ద ఆయన, చిన్న నేను.

"బరువెత్తకూడదన్నారు" అంది మదాం.

"ఇది బరువా? పిల్ల పట్టుకుంటోందిగా" అన్నాడు.

నేను బరువంతా నా వైపే లాక్కుని నడిచాను. మూడు చుట్లకే ఆయన ఊపిరి నాకు వినపడుతోంది. కట్టె పొయ్యిలో పెట్టి, తీపి ద్రాక్షరసం దాని మీద చిలకరించి, ఆయన దీవెన చెప్పాడు, ముందు వాళ్ళ భాషలో, తర్వాత నాకోసం ఇంగ్లీషులో. వచ్చే ఏటికి మనం ఇంకా ఎక్కువమందిమి కాకపోయినా ఫరవాలేదు, తక్కువ మాత్రం కావద్దని. ఇన్నేళ్ళుగా అలవాటైన మాట కాబట్టి గడగడా చెప్పేశాడు. చెప్పాక గానీ ఏం చెప్పాడో తెలిసిరాలేదు. మదాం తన కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఆ మాట నువ్వెలా అనగలుగుతున్నావు?" అంది, మేడమెట్ల దాకా వినపడేంత గట్టిగా. ఆ ఇంట్లో నేను విన్న మొదటి కేక అదే. ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆయన పదమూడు తీపుల ముందు ఒక్కడే కూర్చుని ఒక ఎండుద్రాక్ష తీసుకున్నాడు, మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు.

మర్నాడు మదాం నా గదికి వచ్చింది. మంచం అంచున కూర్చుని, ఆయన్ని చెరువుకి తీసుకెళ్ళనని మాటిమ్మంది. ఏటా వాళ్ళని తీసుకెళ్ళే స్నేహితుడు ఆ ఏడే ఫ్లోరిడాకి మారిపోయాడు. ఆయన నడపకూడదు, ఆవిడకి హైవే మీద నడపడం రాదు. ఇక మిగిలింది నేనే.

"క్లబ్బు వాళ్ళకి ఆయన గుండె సంగతి చెప్పెయ్యండి మదాం. వాళ్ళే దిగనివ్వరు" అన్నాను.

"వాళ్ళు ఆపితే ఎవరికీ చెప్పకుండా ఇంకో చెరువుకి పోతాడు. ఒంటరిగా. అది ఇంకా ఘోరం."

మాటిచ్చాను. ఆ మరుసటి రోజే, నేను గంట కొట్టకముందే ఆయన గౌను తొడుక్కుని నాకోసం వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ఏం అడగబోతున్నాడో మొహంలోనే కనపడింది. నాకు ఒళ్ళు మండింది.

"మెస్యూ, మీరు ఆ నీళ్ళలో పోతే పోలీసులు అడిగేది నన్ను. నేను హెచ్ వన్ వీసా మీద ఉన్నాను. అది కూడా వదిలెయ్యండి. నవంబర్లో మిమ్మల్ని మంచులోంచి లేపింది నేను. మళ్ళీ లేపమంటారా? నాకేం ఇనప గుండె అనుకున్నారా?"

"డాక్టరు నన్ను రోగి అన్నాడు" అన్నాడు ఆయన. "మాత్రలు వేసుకున్నాను, ఒప్పుకున్నాను. కానీ చన్నీళ్ళకి భయపడి జీవితమంతా రగ్గు కప్పుకుని కూర్చోమంటే, నేను నమ్మినదంతా ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళు ఆడిన ఆటే అవుతుంది. ఒక్క మునక. మునిగి లేస్తాను."

"లేవకపోతే?"

నేను తీసుకెళ్ళనని చెప్పేసి పైకి వచ్చేశాను. మా ఆయనకి ఫోన్ చేస్తే, "ఫస్ట్ ఫ్లైట్ బుక్ చేసుకొని ఇటొచ్చెయ్. గా ముసలోళ్ళ లొల్లి నీకెందుకే?" అన్నాడు. నిజమే, నాకెందుకు? టికెట్ చూశాను కూడా. కానీ ఆ ఇద్దరినీ అలా వదిలేసి పోవడానికి మనసొప్పలేదు.

డిసెంబరు ఆఖరి రోజు మధ్యాహ్నం మదాం మళ్ళీ వచ్చింది. మొహంలో ఏ భావమూ లేదు.

"రేపు మమ్మల్నిద్దర్నీ నువ్వే తీసుకెళ్ళు" అంది.

"అదేంటి మదాం! మాటిమ్మన్నది మీరే కదా!"

"టాక్సీ బుక్ చేశాడు. ఎలాగూ పోతాడు. నేను పక్కన ఉండాలి."

ఆవిడ ఓడిపోయిందనుకున్నాను. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి మాటే వినకపోతే ఆ సిద్ధాంతం ఎందుకు, ఎవర్ని ఉద్ధరించడానికి అని ఆయన మీద పళ్ళు నూరుకున్నాను.

జనవరి ఒకటి పొద్దున ఎండ బాగా కాసింది, చలి మాత్రం చెవులు తెగిపోయేలా ఉంది. మదాం మడమల దాకా ఉన్న పొడుగాటి గోధుమరంగు కోటు వేసుకుని వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుంది. ఎక్కేటప్పుడు కోటు అంచు తొలగితే బూటు పైన కాలు కనపడింది. మేజోళ్ళు కూడా లేవు. ఇంత చలిలో ఏమిటీ మనిషి అనుకున్నాను గానీ అడగలేదు. దారి పొడుగునా నేను డ్రైవ్ చేస్తూ నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకున్నాను.

ఆ క్లబ్బులో ఒక నియమం ఉంది. చెరువు గట్టుకి అడ్డంగా తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు దాటాక ఒంటి మీద బట్ట ఉండకూడదు. చలికాలం కాబట్టి ఊలు టోపీ, కాళ్ళకి బూట్లు మాత్రం ఒప్పుకుంటారు. ఒకరు విప్పి, ఇంకొకరు కోట్లు తొడుక్కుని చోద్యం చూడ్డం కుదరదు; ఉంటే అందరూ ఒకేలా ఉండాలి, లేకపోతే తాడు ఇవతలే ఆగాలి. తాడు దగ్గర పెద్ద మీసాల ఫ్రెంచాయన ఒకాయన టోపీ పెట్టుకుని కాపలా నిలబడ్డాడు. టోపీ తప్ప చెప్పడానికేమీ లేదు. నేను ఆయన మీసాల వైపే చూస్తూ, స్వెటర్ మీద స్వెటర్, దాని మీద కోటుతో ఇవతలే ఆగిపోయాను.

మెస్యూ బట్టలన్నీ మడతపెట్టి బల్ల మీద పెట్టి, తాడు దాటి వెళ్ళాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ సంగతి తెలీదు. గట్టు మీద గుప్పెడు మంచు తీసుకుని చేతులకీ ఛాతీకీ రుద్దుకుంటున్నాడు. గొయ్యి చుట్టూ చెక్కలు పరిచారు, నీళ్ళలోకి చిన్న చెక్కమెట్లు దింపారు. నల్లగా ఉన్నాయి నీళ్ళు. నా ఫోన్‌లో నైన్ వన్ వన్ నొక్కి, వేలు కాల్ బటన్ మీద పెట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు మదాం నన్ను దాటుకుని వెళ్ళింది. తాడు దగ్గర ఆగి, కోటు బొత్తాలు పై నుంచి కిందదాకా తీసి, కోటు అక్కడే మంచులో వదిలేసింది. లోపల ఏమీ లేదు. ఎడమ వైపు చదునుగా, అడ్డంగా తెల్లటి గీత ఒకటి. చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. చెక్కల మీద నడుచుకుంటూ భర్తని దాటి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని బూట్లతోనే కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

మెస్యూ చేతిలో మంచు జారిపోయింది. ఆవిడ వెనక్కి తిరక్కుండానే ఫ్రెంచిలో ఒక మాట అంది.

"ఏమంటోంది?" అన్నాను మీసాలాయనతో.

"నువ్వు ఎంతసేపు ఉంటే నేనూ అంతసేపు ఉంటాను, రా, అంటోంది" అన్నాడు.

రెండేళ్ళ క్రితం న్యుమోనియాతో ఆస్పత్రిలో పడి లేచిన మనిషి ఆవిడ. మెస్యూ ఏదో అరిచాడు. లెమ్మన్నాడని నాకు తర్జుమా లేకుండానే అర్థమైంది. ఆవిడ ఒక మెట్టు దిగింది. మోకాళ్ళు మునిగాయి. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. ఇంకో మెట్టు. నడుం దాకా. ఒళ్ళంతా వణికిపోతోంది, చెక్క పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

ఇక నాకు నియమం గియమం ఏదీ గుర్తులేదు. తాడెత్తి, ఉన్న కోటుతోనే పరిగెత్తాను. మీసాలాయన ఆపలేదు, ఆయనా నా వెనకే పరిగెత్తాడు. మేం చేరేసరికి మెస్యూ చెక్కల మీద పడుకుని ఆవిణ్ణి చంకల కింద చేతులేసి పైకి లాగుతున్నాడు. ముగ్గురం కలిసి లాగాం. మెస్యూ లేచి, ఎటో పరిగెత్తాడు. గుండె జబ్బు మనిషి పరిగెడుతుంటే "మెస్యూ, ఆగండి!" అని అరిచాను. తాడు దగ్గర మంచులో పడి ఉన్న కోటు తీసుకుని, దులుపుకుంటూ వచ్చాడు. ఆవిడకి తొడిగాడు. మెడ దగ్గర్నుంచి మడమల దాకా ఒక్కొక్క బొత్తామే పెట్టాడు. వేళ్ళు కొంకర్లు పోయి బొత్తాలు కుదరట్లేదు, అయినా నన్ను ముట్టుకోనివ్వలేదు. ఒంటి మీద ఏమీ లేకుండా, ముక్కు కారుతూ, ఏడుస్తూ, పెళ్ళాం కాలర్ పైకెత్తి చెవులు కప్పుతున్నాడు ఆ మనిషి.

ఆయన గుండె సంగతి అందరి ముందూ చెప్పేశాను. ఇద్దర్నీ లోపల పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, రగ్గులు చుట్టి, వేడి ఉల్లిపాయ సూప్ తాగించారు. క్లబ్బులో ఉన్న నర్సు ఒకావిడ ఇద్దరి నాడీ చూసి బాగానే ఉన్నారంది. ఆస్పత్రికి పోదామంటే మదాం ఒప్పుకోలేదు. కార్‌లో హీటర్ పూర్తిగా పెట్టి బయల్దేరాను.

హైవే ఎక్కాక మెస్యూ మాట్లాడాడు. నాకు తెలియాలనుకున్నారో ఏమో, ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు.

"ఆపరేషన్ అయ్యాక నువ్వు సిగ్గుపడి రావట్లేదనుకున్నాను" అన్నాడు.

"సిగ్గా? ఎవరి ముందు, ఆ ముసలాళ్ళ ముందా?" అంది మదాం. పళ్ళు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. "నాకు చలంటే పడదు. మొదటి ఏడాది నుంచీ ఆ నీళ్ళంటే అసహ్యం నాకు. ఆపరేషన్ వల్ల నాకు జరిగిన మంచి ఒక్కటే, ఆ చెరువు తప్పింది."

ఆయన్ని అద్దంలో చూశాను. నోరు తెరుచుకుని భార్య వైపు చూస్తున్నాడు.

"మరి అన్నేళ్ళు దిగావుగా!"

"పైకి వచ్చాక నువ్వు నవ్వేవాడివి, దాని కోసం."

బట్టలేనిచోట అబద్ధం ఉండదని జీవితమంతా చెప్పిన మనిషికి ఏం తోచిందో నేను చెప్పలేను. నాకు మాత్రం రోడ్డు మసగ్గా కనిపించి, లేన్ మారి నెమ్మదిగా పోనిచ్చాను. ఆయన వంగి ఆవిడ బూట్లు విప్పాడు, లోపలి నీళ్ళు మ్యాట్ మీద ఒలికాయి. ఆవిడ పాదాలు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని అరచేతులతో రుద్దడం మొదలుపెట్టాడు.

"ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?" అని అడిగాడు.

"బోలెడు" అంది మదాం. "ముందు ఎడమకాలు సరిగ్గా రుద్దు."

ఆయన తలొంచుకుని రుద్దాడు.